విజయనగరం సగంలో ఉండగా ప్యాచ్ వచ్చింది

ప్రశ్న: అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మలక్‌పేటలో ఉంటాను. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున ఏడున్నరకు నేను, అక్కడ శనివారం రాత్రి తొమ్మిదికి వాడు కూర్చుని ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ అనే, రాజ్యాలు ఏలే కంప్యూటర్ గేమ్ ఆడుకుంటాం. నాది విజయనగరం, వాడిది ఆటోమన్. 14 ఆదివారాల్లో ఆటలో 1444 నుంచి 1563 దాకా వచ్చాం. చరిత్రలో అయితే ఇంకో రెండేళ్లలో రాక్షసి తంగడి యుద్ధం. నా ఆటలో ఆ సుల్తానులు ఎవరూ మిగల్లేదు, బహమనీ రాజ్యాన్ని ఎప్పుడో కలిపేసుకున్నాను. ఇంతలో రెండు వారాలు ఖమ్మం వెళ్లి వచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, ‘ప్లే’ ఉండే చోట ‘అప్‌డేట్’ అని కనిపిస్తోంది. మావాడి దగ్గర 1.37 వెర్షన్ దానంతట అదే ఎక్కేసిందట, నాది ఇంకా 1.36. ఎదురింటి కుర్రాడు ‘ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి అంకుల్’ అంటున్నాడు. నొక్కితే మా ఆట పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పోయిన ఆదివారం ఆడనే లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నయ్యగారూ, నొక్కకండి. మీ ఆట ఇంకా పోలేదు. ముందు మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరవండి. అందులో పారడాక్స్ ఇంటరాక్టివ్, దాని లోపల ఆట పేరుతో ఒక ఫోల్డర్, అందులో ‘సేవ్ గేమ్స్’ ఉంటాయి. ఆ సేవ్ గేమ్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

ఎదురింటి అబ్బాయి చెప్పింది ఫోన్‌కీ, బ్యాంకు యాప్‌కీ సరైన మాటే. సగం ఆడిన రాజ్యానికి మాత్రం అది పనికిరాదు. సేవ్ ఫైల్ అంటే ఆటకు ఫొటో తీసి పెట్టుకోవడం కాదు, అదొక పెద్ద జాబితా. ఏ ప్రాంతం ఎవరిది, ఏ మిషన్ పూర్తయింది, ఏ సంస్కరణ తెచ్చారు అన్నదంతా అందులో నంబర్లుగా, పేర్లుగా రాసి ఉంటుంది. కొత్త ప్యాచ్‌లో, అంటే ఆటకు వచ్చే అప్‌డేట్‌లో, ఆ పేరు మారినా, తీసేసినా, పాత జాబితా చదివే ఆటకు అది దొరకదు. 2018 సెప్టెంబరులో ‘ధర్మ’ అనే డీఎల్‌సీతో (ఆటకు విడిగా అమ్మే అదనపు భాగం) పాటు 1.26 ప్యాచ్ వచ్చినప్పుడు భారతదేశం మ్యాప్‌నే మార్చారు. ఉన్న ప్రాంతాలను విడగొట్టి కొత్తవి చేర్చారు. అలాంటి మార్పు మీద పాత సేవ్ తెరిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. అసలు తెరుచుకోకపోతే అదీ ఒకందుకు మంచిదే, వెంటనే తెలుస్తుంది. బాగానే తెరుచుకుని, ఆటలో పదేళ్లు గడిచాక మీ మిషన్లు చెదిరిపోయాయని తెలిస్తే వెనక్కి వెళ్లడానికి దారి ఉండదు.

ఇక్కడ చాలామంది రెండింటిని కలిపేసుకుంటారు. డీఎల్‌సీ మీరు డబ్బు పెట్టి కొనేది. ప్యాచ్ ఉచితం, కొన్నా కొనకపోయినా అందరికీ వస్తుంది. అందుకే ‘నేనేం కొనలేదు కదా, ఎందుకు మారింది’ అని అడుగుతుంటారు.

వెర్షన్ నంబరు చదవడం కూడా చెబుతాను. పూర్తి నంబరులో 1.36.2 లాగా మూడు భాగాలుంటాయి. చివరి అంకె ఒక్కటే మారితే అది చిన్న మరమ్మతు, సాధారణంగా పాత సేవ్ నడుస్తుంది. మధ్య అంకె మారితే పెద్ద మార్పు. మీకు 36 పోయి 37 వచ్చింది. కాబట్టి ఇది మధ్యలో వేసుకునే ప్యాచ్ కాదు.

నేను దీని మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు మా తమ్ముడూ నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపాం. పది మెషీన్లు. ఆదివారం వస్తే ఇంజినీరింగ్ పిల్లలు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ కోసం మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు. ఒక శనివారం రాత్రి ఆ ఆటకు అదనపు భాగమైన ‘కాంకరర్స్’కు 1.0సి ప్యాచ్ వేయడం మొదలుపెట్టాను. ఆరు మెషీన్లు అయ్యేసరికి పన్నెండయింది, మిగతా నాలుగు పొద్దున చూద్దాంలే అని తాళం వేసేశాను. పొద్దున పిల్లలు ముందే వచ్చేశారు. వెర్షన్లు వేరు కాబట్టి ఆ నాలుగింటి వాళ్లు మిగతా ఆరుగురి ఆటలో చేరలేకపోయారు. ఇద్దరు పిల్లలు అంతకుముందు వారం సగంలో సేవ్ చేసి వెళ్లిన ఆట ఇక కలవలేదు. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బులు తీసుకోనన్నా టేబుల్ మీద పెట్టి వెళ్లారు. ఆ ముఖాలు నాకింకా గుర్తున్నాయి. సోమవారమే ఒక నోటుపుస్తకం కొని, ఏ మెషీన్‌లో ఏ ఆట ఏ వెర్షనో రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ రాస్తాను.

ఇప్పుడు మీ పని. వెనక్కి రావాల్సింది మీ అబ్బాయి, ముందుకు వెళ్లాల్సింది మీరు కాదు. ఈ ఆటకు పాత వెర్షన్లను స్టీమ్‌లో, అంటే ఆటలు కొని దించుకునే యాప్‌లో, అందుబాటులో ఉంచుతారు. లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘బీటాస్’ అన్నచోటికి వెళ్లమనండి. అక్కడ జాబితాలో 1.36తో మొదలయ్యే వాటిలో చివరి అంకె పెద్దదిగా ఉన్నది ఎంచుకోమనండి. బీటా అన్న పేరు చూసి భయపడొద్దు, పాతవి కూడా అక్కడే పెడతారు. అదే వెర్షన్ మీరూ ఎంచుకోండి. మీది ఇప్పటికే 1.36 అయినా ఇది చేయాలి. చేయకపోతే అప్‌డేట్ అవ్వకుండా ఆట తెరవనివ్వదు. ఒకసారి వెర్షన్ ఎంచుకుని పెట్టాక, కొత్త ప్యాచ్‌లు ఎన్ని వచ్చినా మీ ఆట జోలికి రావు.

డీఎల్‌సీల గురించి మీకు దిగులు అక్కర్లేదు, ఆట ఎవరు హోస్ట్ చేస్తే, అంటే ఎవరి కంప్యూటర్‌లో తెరిచి రెండోవాళ్లను చేర్చుకుంటే, వాళ్ల డీఎల్‌సీలే ఇద్దరికీ వర్తిస్తాయి. అందుకని మొదటి నుంచి హోస్ట్ చేస్తున్నవాళ్లే ఇకమీదా చేయండి. మాడ్స్ (ఆటను మార్చడానికి ఆటగాళ్లు తయారుచేసే చేర్పులు) వాడుతుంటే అవి కూడా ఇద్దరి దగ్గరా ఒకటే ఉండాలి. అవి స్టీమ్‌లోని వర్క్‌షాప్ నుంచి వాటంతటవే మారిపోతాయి, అక్కడ జాగ్రత్త.

ఎంతకాలం ఇలా ఆపాలంటారేమో. ఆట 1821లో ముగుస్తుంది. మీకింకా 258 ఏళ్లున్నాయి. ఇప్పటిదాకా నడిచిన లెక్కన ఇంకో ముప్పై ఆదివారాలు. ఆ ముప్పై వారాలూ 1.36లోనే ఉండండి అని నా సలహా. మీ ఆట మాటిమాటికీ ఆగిపోతూ, ఆ లోపం సరిచేశామని ప్యాచ్ వివరాల్లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప మనసు మార్చుకోకండి. కొత్త రాజ్యం మొదలుపెట్టే రోజున ఇద్దరూ ఒకే సాయంత్రం అప్‌డేట్ చేసుకోండి. అప్పుడు కూడా పెద్ద ప్యాచ్ వచ్చిన మొదటి వారంలో వద్దు. 2021 ఏప్రిల్‌లో ‘లెవయథాన్’తో 1.31 వచ్చినప్పుడు ఎన్ని లోపాలున్నాయంటే, తయారుచేసినవాళ్లే బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఒకటి రెండు చిన్న మరమ్మతులు పడ్డాక వేసుకుంటే నష్టమేమీ లేదు.

డౌన్‌లోడ్ పని ఆదివారం ఏడున్నరకు పెట్టుకోకండి, ముందురోజే అయిపోవాలి. తర్వాత ఇద్దరూ ఆట తెరిచి, మెయిన్ మెనూలో వెర్షన్ నంబరు పక్కన బ్రాకెట్లో అక్షరాలు, అంకెలు కలిసి ఉండే నాలుగు గుర్తులు ఫోన్లో ఒకరికొకరు చదివి చెప్పుకోండి. దాన్ని చెక్‌సమ్ అంటారు. అది అక్షరం తేడా లేకుండా కలిస్తేనే ఇద్దరూ ఒకే ఆటలో కూర్చోగలరు. కలిశాక సేవ్ తెరిచి ఆటలో ఒక్క నెల నడిపి చూడండి. మీ విజయనగరంలో 1565 జనవరి ఎలా గడిచిందో నాకు రాయండి, అన్నయ్యగారూ. ఎదురుచూస్తుంటాను.