ఊరి బయట ప్రభుత్వ ఇల్లు వచ్చింది, అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవచ్చా?

అన్నా, కర్నూలులో మీ ఆవిడ పేరు మీద ఊరి బయట ఇల్లు వచ్చిందని రాశారు. అద్దె మిగులుతుంది, ఆడవాళ్లకు బస్సు ఎలాగూ ఫ్రీ, వెంటనే మారిపోవచ్చా అని అడిగారు. మేము అలాంటి కాలనీకి వచ్చి కొన్నేళ్లయింది. ఇల్లు మాత్రం వదులుకోవద్దు. సామాన్లు ఎత్తే ముందు మాత్రం మీ ఆవిడ పని వైపు నుంచి ఒకసారి లెక్క వేయండి.

మా ఆయనది బేల్దారి పని. బండి ఉంది కాబట్టి ఆయనకు పెద్ద తేడా రాలేదు. నేను వన్‌టౌన్‌లో బట్టల షాపులో చేస్తాను. అమ్మ ఎన్.ఆర్. పేటలో ఇళ్లలో వంట చేసేది. మునుపు ఇద్దరం నడిచే వెళ్లేవాళ్లం. ఇక్కడికొచ్చాక కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకు ఒక ఆటో, అక్కడి నుంచి రాజ్‌విహార్‌కు ఇంకో ఆటో. పొద్దున ఆరింటికే రమ్మనే ఇల్లు అమ్మకు ముందు పోయింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి సాయంత్రం మళ్లీ వెళ్లాల్సిన ఇల్లు ఆ తర్వాత పోయింది. అద్దె మిగిలింది నిజమే, అమ్మ సంపాదన సగానికి పడిపోయింది. దీన్ని పని పోవడం అని ఎవరూ అనరు, 'పెద్దావిడ, మానేసింది' అంటారు.

నా షాపు మూసేసరికి రాత్రి తొమ్మిది. కాలనీ మలుపు దగ్గర దిగితే లోపలికి వెళ్లే ఆటో నిండేదాకా కదలదు. అందుకని మా ఆయనే వచ్చి తీసుకెళ్తాడు. ఆయనకు వేరే ఊళ్లో పని పడితే ఆ రోజు నాకు సెలవే, జీతం కోతే.

ఇక ఫ్రీ బస్సు. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మంచి పథకమే, మా చెల్లెలు నంద్యాల నుంచి పైసా ఖర్చు లేకుండా వచ్చిపోతోంది. కానీ కర్నూలు లోపల తిరగడానికి మనం ఎక్కువగా ఎక్కేది షేర్ ఆటో. దానికి జీరో టికెట్ ఎవరిస్తారు?

బస్సు వేయాలంటే సీట్లు నిండుతాయా లేదా అని చూస్తారు. కొత్త కాలనీలో జనం పలచగా ఉంటారు కాబట్టి బస్సు రాదు, బస్సు లేదని ఇల్లు వచ్చినవాళ్లూ తాళం వేసి ఊళ్లోనే అద్దెకు ఉంటారు. ఇళ్లేమో ఊరి అంచునే కడతారు, ప్రభుత్వ భూమి దొరికేది అక్కడే, కొనాలన్నా చవక అక్కడే. జగన్నాథగట్టు మీద ప్రభుత్వ ఇళ్ల సంస్థ టిడ్కో కట్టిన అపార్ట్‌మెంట్లు అలా వచ్చినవే. ఊరు పెరిగే తీరునూ రవాణానూ కలిపి ప్లాన్ చేయాలని, వాహనాల కంటే మనుషుల రాకపోకలు ముఖ్యమని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానంలో రాశారు. అయినా ఇల్లు ఒక శాఖ ఫైలు, బస్సు ఇంకో శాఖ ఫైలు.

'ఫ్రీగా ఇల్లిస్తే కూడా పోరు వీళ్లు' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మేము ముందు హంద్రీ దగ్గర అద్దెకు ఉండేవాళ్లం. 2009 అక్టోబరు వరదలో ఇల్లంతా బురదే మిగిలింది. నీళ్లు తగ్గాక మళ్లీ అక్కడికే వచ్చాం. మార్కెట్, పెద్దాసుపత్రి, పని ఇళ్లు అన్నీ దగ్గర. ఏటి ఒడ్డున ఉండటం ప్రమాదమని మాకు తెలీకనా?

మీ విషయానికొస్తే, ఇద్దరిలో ఒకరికే ఊళ్లో పని ఉండి బండి ఉంటే మారిపోండి. మీ ఆవిడ తెల్లారి వెళ్లేదో రాత్రి వచ్చేదో అయితే తొందరపడకండి. ఆదివారం చూసి రావడం కాదు, పనిరోజు ఆమెను ఆ టైముకే అక్కడి నుంచి బయల్దేరమనండి. టిడ్కోలో 300 చదరపు అడుగులది కాకుండా 365, 430 ఇళ్లయితే బ్యాంకు లోను కూడా ఉంటుంది, ఆటో ఖర్చు పక్కన ఆ వాయిదా రాసుకోండి. రేషన్ గురించి టెన్షన్ పడొద్దు, రాష్ట్రంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. పిల్లల బడి మాత్రం ముందే చూసుకోండి.

వెళ్లాక పక్కింటివాళ్లతో కలిసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. మేము కొత్త రూటు అడగలేదు. రోడ్డు మీద వెళ్తున్న పల్లెవెలుగునే కాలనీ లోపలికి తిప్పమన్నాం. అది వాళ్లకూ సులువు. ఊరికే 'బస్సు కావాలి' అని రాయకుండా ఎంతమంది ఆడవాళ్లు, ఎక్కడికి, ఎన్నింటికి వెళ్తారో జాబితా జతచేశాం. పొద్దున ట్రిప్పు వచ్చింది. రాత్రిది ఇంకా అడుగుతున్నాం.