అల్లుడూ, ముందు ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రాయించుకోవడం నేర్చుకో

ఒరేయ్ అల్లుడూ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన కొత్త కాంట్రాక్టు కంపెనీ విజిటింగ్ కార్డు చూశాను. పేరు చివర ఇన్‌ఫ్రా అని బాగానే తగిలించావు గానీ కింద ముగ్గురు డైరెక్టర్లున్నారు, ముగ్గురూ సివిల్ ఇంజనీర్లే, ముగ్గురూ సైటుకెళ్తాం అనే బాపతే, మరి బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరిగేదెవడ్రా? మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, వాడికి కాస్త చెప్పు" అంది. ఫోన్‌లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మన రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి ఉంది కదా, చిన్నప్పుడు నువ్వు రైల్లోంచి లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయేవాడివి, అవి 28 స్పాన్లు, ఒక్కోటీ 97 మీటర్ల పైమాటే. దాన్ని కట్టింది హిందుస్తాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ, అదే హెచ్‌సీసీ, 1991లో మొదలెడితే 97 దాకా పట్టింది. నాకు పని లేని సాయంత్రాలు గట్టు మీద నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి, అంత గోదారి మధ్యలో కాంక్రీటు విల్లులా వంగి లేస్తుంటే భలే ఉండేదిలే. నీ కంపెనీ బోర్డు కట్టే ముందు ఆ కంపెనీ కథ తెలుసుకో, చెయ్యాల్సినవీ చెయ్యకూడనివీ రెండూ అందులోనే ఉన్నాయి.

మొదలెట్టినాయన వాల్‌చంద్ హీరాచంద్, షోలాపూర్ వైపు వడ్డీ వ్యాపారం, పత్తి వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లో వ్యాపారం పడక కాంట్రాక్టుల్లోకి దిగాడు, దిగేటప్పుడు జతగా ఎవణ్ణి పట్టుకున్నాడనుకున్నావు? ఫాటక్ అని, రైల్వేలో గుమస్తాగా చేసినాయన. ఇద్దరూ కలిసి బార్సీ లైట్ రైల్వే పని చేశారు. ఒకడికి డబ్బు సంగతి తెలుసు, ఒకడికి రైల్వేవాళ్ల పద్ధతి తెలుసు. నీ కార్డు మీద లేనిది ఆ ఫాటకే. బాగా వెతుకు, ఇంజనీరింగ్ ఆఫీసులో బిల్లులు చూసి రిటైరైన డివిజనల్ అకౌంటెంట్ ఒకాయన దొరికినా చాలు, నెలకి ఇంత అని ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకో.

ఆ తర్వాత భోర్ ఘాట్‌లో రైల్వే సొరంగాలు, 1926లో హెచ్‌సీసీ, ఆయన పోయాక కూడా ఫరక్కా బ్యారేజీ, కేరళలో ఇడుక్కి ఆర్చి డ్యామ్, ఇలా పోతూనే ఉంది. అన్నట్టు వైజాగ్‌లో సింధియా అంటే నీకు బస్టాపు పేరే కదా, అదీ ఈయన షిప్పుల కంపెనీ పేరే. 1941లో బాబూ రాజేంద్ర ప్రసాద్ గారి చేత అక్కడ షిప్‌యార్డుకి పునాదిరాయి వేయించాడు, మరుసటేడు జపానోళ్లు వైజాగ్ మీద బాంబులేశారు, అయినా వదల్లేదు, 1948 మార్చిలో నెహ్రూ గారొచ్చి జల ఉష అనే ఓడని నీళ్లలోకి దింపారు. సరే, అంత ధైర్యం మనకొద్దులే, మనది సిమెంటు రోడ్డూ కల్వర్టూ.

ఇప్పుడు అసలు సంగతి. అంత కంపెనీనీ వంచింది నది కాదు, కొండ కాదు, రావాల్సిన డబ్బు. గొడవ పడ్డ బిల్లుల మీద ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర, గెలిచినా అవతలివాళ్లు కోర్టులో సవాలు చేస్తే చాలు, పాత కేసుల్లో సొమ్ము దానంతటదే ఆగిపోయేది. దాని మీద హెచ్‌సీసీయే సుప్రీంకోర్టుకెళ్లింది, 2019 నవంబర్‌లో కోర్టు ఆర్బిట్రేషన్ చట్టంలో దానికి వీలిచ్చిన సెక్షన్ 87ని కొట్టేసింది. అంత పెద్దోళ్లే గెలిచిన డబ్బు కోసం ఢిల్లీ దాకా పోవాల్సొచ్చింది, నీకు లాయరు ఫీజుకే ఇల్లు తాకట్టవుతుంది.

నా సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. నేను కాంట్రాక్టు చేసిన ఒక కాలవ పనిలో ఎస్టిమేట్లో మెత్తనేల అనుంది, ఆరడుగులు తవ్వేసరికి రాయి తగిలింది. ఏఈ, అదే అసిస్టెంట్ ఇంజనీరు, "కానీండి, ఎక్స్‌ట్రా ఐటమ్ కింద అదనపు బిల్లు పెడదాం" అన్నాడు, ఆ మాట నమ్మి కొట్టించేశా. కొలతలన్నీ సిమెంటు బస్తా కాగితం చించి పెన్సిల్‌తో రాసుకున్నా, షెడ్డు కారి అది తడిసి ముద్దయింది, ఈలోపు ఆయనకి ట్రాన్స్‌ఫర్, కొత్తాయన "రాయెక్కడుందండీ, మట్టేగా" అన్నాడు. నిజమే, అప్పటికి దాని మీద కాంక్రీటు లైనింగ్ అయిపోయింది. మీ అత్త గాజులు అప్పుడు పోయాయి, ఇప్పటికీ పెళ్లిళ్లకెళ్లేటప్పుడు ఓ మాట అంటూనే ఉంటుంది.

అందుకని రాయి తగిలినా, నీళ్లూరినా, డ్రాయింగ్ లేటైనా ఆ రోజే లెటర్ రాసి ఆఫీసులో అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకో. కప్పెట్టేసే పని ఏదైనా సరే, ఎం-బుక్‌లో కొలతలెక్కి సంతకం పడేదాకా కాంక్రీటు పొయ్యొద్దు, మేస్త్రీ ఎంత గోల పెట్టినా సరే. ఫోటో తీస్తే టేపు కనపడేలా తియ్యి. ఇంకోటి, పక్కోడు ఎస్టిమేటు కన్నా 25 శాతం లెస్‌కి టెండరు వేశాడని నువ్వు 27 వెయ్యకు, వాడికి సొంత క్రషర్ ఉందేమో, నీకున్నది అద్దె మిక్సరు.

చివర్న డబ్బులొస్తే వెంచర్లు వేస్తాం అని రాశావు చూడు, అది చదివి భయమేసింది. హెచ్‌సీసీ కూడా పుణె దగ్గర కొండల్లో లావాసా అని ఊరికి ఊరే కట్టబోయింది, 2010లో పర్యావరణ శాఖ పని ఆపించింది, 2018కల్లా అది దివాలా కేసు. అదే సంస్థ ముంబైలో బాంద్రా వర్లీ సీ లింక్ సముద్రంలో కట్టింది, 2009లో దాని మీద బండ్లు మొదలయ్యాయి, అంటే పని రాక కాదు, స్థలాల వ్యాపారం దాని సరుకు కాదు అంతే అంటాను నేను. మొదటి అయిదేళ్లు ఒక్క సెంటు కూడా కొనకు. కోపమొస్తే రానీ.

ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, పెసరట్టు తిని బ్రిడ్జి వైపు నడుద్దాం. వచ్చేటప్పుడు ఆ కల్వర్టు టెండరు షెడ్యూలు, బీఓక్యూ (ఏ పని ఎంత అనే పట్టిక), రెండూ ప్రింట్ తీసి తీసుకురా, ఫోన్లో చూపిస్తే నాకు కళ్లు కనపడవు.

మీ మావయ్య