వచ్చే గురువారం మొదటి ప్రెజెంటేషన్, గుండె దడ తగ్గేదెలా?

మీ ప్రశ్న చదివాను. మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో చేరి ఏడాది కాలేదు. వచ్చే గురువారం ప్లాంటు పెద్దల ముందు ఒక మందు తాలూకు వార్షిక నాణ్యతా సమీక్షను మీరే వినిపించాలి. తలుచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి, నాలుక పిడచకట్టుకుపోతోంది. చదివింది తెలుగు మాధ్యమం కాబట్టి ఇంగ్లీషులో ఎక్కడ తడబడతానోనన్న బెంగ ఒకటి. నేనూ అదే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా మొదటి ప్రెజెంటేషన్ కూడా సరిగ్గా ఇదే సమీక్ష మీద. ఆ తర్వాత మా విభాగంలో కొత్తగా చేరిన ఎందరినో దగ్గరుండి సిద్ధం చేసి ఆ హాలులోకి పంపాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

గురువారంలోగా భయం పూర్తిగా పోవాలని మాత్రం ఆశ పెట్టుకోకండి. అది పోదు, పోవలసిన అవసరమూ లేదు. భయం బాగా పట్టేది ఎప్పుడో గమనించండి: మీ వంతు రావడానికి ముందు పది నిమిషాలు, లేచి నిలబడ్డాక మొదటి ఒకటి రెండు నిమిషాలు. మాట్లాడటం మొదలుపెట్టిన తొలి నిమిషంలో గుండె అత్యంత వేగంగా కొట్టుకుంటుంది, ఆపైన దానంతట అదే నెమ్మదిస్తుంది. మిగతా సమయమంతా మీకు తెలిసిన పని గురించి మీరు మాట్లాడటమే. ఆ కొద్ది నిమిషాలు దాటించుకునే ఏర్పాటు ముందే చేసుకుంటే చాలు. నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే.

ముందు శరీరం సంగతి. ఏదో ప్రమాదం వచ్చిందనుకుని శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల వేళ్లు చల్లబడతాయి, లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది, ఊపిరి పైపైన ఆడటం వల్ల గొంతు వణుకుతుంది. వీటన్నిటిలో మన అదుపులో ఉన్నది ఊపిరి ఒక్కటే. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి చేసే పని అది. అందువల్ల పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. నాలుగైదు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది. చాలామంది గబగబా లోతుగా పీలుస్తారు, దానితో తల తిరిగి భయం ఇంకా పెరుగుతుంది. ఊపిరి బిగబట్టడం కూడా వద్దు. భ్రామరి ప్రాణాయామం చేసే అలవాటు ఉంటే ఆ రోజు ఉదయం కాసేపు చేయండి, ఆ ఝుంకారంతో ఊపిరి దానంతట అదే పొడవవుతుంది, గొంతు సడలుతుంది. అయితే గురువారం ఉదయమే మొదలుపెడితే ఫలితం తక్కువ. ఈ రాత్రి పడుకునే ముందే మొదలుపెట్టండి, శరీరానికి అలవాటు కావాలి.

ఇక అసలు విషయం, తొలి వాక్యాలు. మొదటి నాలుగు వాక్యాలను కంఠతా పట్టండి. అవి అతి మామూలుగా ఉండాలి: మీ పేరు, ఏ మందు, ఏ కాలానికి సమీక్ష, ఆ కాలంలో ఎన్ని బ్యాచ్‌లు తయారయ్యాయి, మొత్తం మీద తేలింది ఏమిటి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా నోటికి రావాలి. మిగతాదంతా మాత్రం బట్టీ పట్టవద్దు. నా దగ్గర తయారైనవారిలో ఒక అబ్బాయి మొత్తం ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాడు. మధ్యలో ఎవరో తలుపు తీసుకుని లోపలికి రావడంతో ఒక్క మాట జారింది, దానితో తర్వాతి మాట ఏదో తోచక ఆగిపోయాడు. విషయం అతనికి బాగా తెలుసు. అయినా ఆ క్షణంలో అతను విషయాన్ని వదిలేసి వాక్యాన్ని వెతుక్కుంటున్నాడు. ఒక్కో స్లైడుకు చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ఒకటి గుర్తుంటే సరిపోతుంది. వాక్యాలు అప్పటికప్పుడు వస్తాయి.

సాధన నిలబడి, పైకి మాట్లాడుతూ చేయాలి. స్లైడ్లను మనసులో చదువుకోవడం సాధన కిందకు రాదు. నోరు తిరగని మాటలు, మరీ పొడవైన వాక్యాలు పైకి అన్నప్పుడే బయటపడతాయి. ఒకసారి ఫోనులో రికార్డు చేసి వినండి. సొంత గొంతు వినడం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఎక్కడ పరుగెత్తుతున్నారో తెలియడానికి అంతకంటే మంచి దారి లేదు. తర్వాత ఒక స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టండి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు కదా, అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే అతని పని. మీ స్నేహితుడికి ఆ పని అప్పగించండి. మధ్యలో ఆపాలి, సంబంధం లేని ప్రశ్న వేయాలి, ఫోను మోగించాలి, నాలుగు స్లైడ్లు వెనక్కి తిప్పమనాలి. అక్కడి నుంచి మళ్లీ దారిలోకి రావడం మీకు ఒకసారి అనుభవమైతే హాలులో ఎవరైనా అడ్డు తగిలినప్పుడు కంగారు పుట్టదు. నేను ఎవరిని తయారుచేసినా ఇది తప్పకుండా చేయిస్తాను. మిగతా సలహాలన్నిటికంటే దీని మీదే నాకు నమ్మకం ఎక్కువ.

ప్రశ్నల భయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామందికి అసలు భయం మాట్లాడటం మీద ఉండదు, ఎదురయ్యే ప్రశ్నల మీద ఉంటుంది. మీ సమీక్షలో అడిగేవి చాలావరకు ముందే ఊహించగలిగినవే. తిరస్కరించిన బ్యాచ్‌లు ఉన్నాయా, పరిమితి దాటిన ఫలితాలు వచ్చాయా, ఫిర్యాదులు ఎన్ని, స్టెబిలిటీ ఫలితాలు, అంటే నిల్వ ఉంచిన మందు నాణ్యత నిలిచిందో లేదో చూపేవి, ఎలా ఉన్నాయి. గత ఏడాది సమీక్షలో చేయాలని రాసుకున్న పనులు పూర్తయ్యాయా అన్న ప్రశ్న దాదాపు ప్రతిసారీ వస్తుంది, కొత్తవారు మరచిపోయేదీ అదే. పాత నివేదిక తీసి ఆ పనుల పక్కన ఏది పూర్తయిందో, ఏది మిగిలిందో రాసుకుని వెళ్లండి.

ఇంకొకటి, మీ గ్రాఫుల్లో మిగతావాటితో కలవని చుక్క ఏదో చూడండి. పెద్దల కళ్లు మొదట దాని మీదే పడతాయి. నా మొదటి సమీక్షలో డిసొల్యూషన్ గ్రాఫులో, అంటే మాత్ర నిర్ణీత సమయంలో ఎంత కరిగిందో చూపే గ్రాఫులో, ఒక బ్యాచ్ మాత్రం మిగతావాటికంటే కిందకు దిగి ఉంది. పరిమితి లోపలే ఉంది కాబట్టి దాని మీద విచారణ జరగలేదు. నేను ముందురోజు రికార్డుల గదికి వెళ్లి ఆ బ్యాచ్ రికార్డు బయటికి తీయించుకుని ఒక్కో పేజీ చూశాను. మాత్రల గట్టిదనం అంకెలు షిఫ్టు మధ్యవరకు మామూలుగా ఉన్నాయి. అక్కడ యంత్రం ఆగినట్టు, తిరిగి సర్దుబాటు చేసి నడిపినట్టు ఒక నమోదు ఉంది. ఆ తర్వాతి అంకెలన్నీ పై అంచుకు చేరాయి. మాత్రను ఎక్కువ ఒత్తిడితో నొక్కితే గట్టిపడుతుంది, గట్టిపడితే నీరు లోపలికి దిగడం ఆలస్యమై నెమ్మదిగా కరుగుతుంది. మరునాడు హాలులో ఉత్పత్తి విభాగం పెద్దాయన కళ్లజోడు సర్దుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న అదే. “ఆ చుక్క ఎందుకమ్మా కిందకు దిగింది?” రికార్డులో చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన పక్కనున్న ఇంజినీరు వైపు తిరిగి ఆ యంత్రం గురించి అడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నా గొంతు ఇంట్లో మాట్లాడినట్టే పలికింది. అందరు చూసిన అంకెల వెనుక మీరు ఒక్కరే స్వయంగా వెళ్లి చూసి వచ్చిన వివరం ఒకటైనా మీ దగ్గర ఉండాలి. కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది.

తెలియని ప్రశ్న వస్తే నీళ్లు నమలవద్దు. “ఆ వివరం ఇప్పుడు నా దగ్గర లేదు సార్, సాయంత్రంలోగా పంపిస్తాను” అనండి. అంటూనే అందరికీ కనిపించేలా పుస్తకంలో రాసుకోండి. సాయంత్రంలోగా పంపండి. మా రంగంలో ఊహించి చెప్పిన అంకె కంటే చూసి చెబుతానన్న మాటకే విలువ ఎక్కువ, ఆ హాలులో ఉన్నవారందరికీ అది తెలుసు.

ఇంగ్లీషు గురించి. తెలుగు మాధ్యమంలో చదివినవారి బెంగ నాకు బాగా తెలుసు, నేనూ పల్లెటూరి జిల్లా పరిషత్ పాఠశాలలోనే చదివాను. ముందు మీ పై అధికారిని అడగండి, హాలులో తెలుగు రానివారు ఎవరైనా ఉన్నారా అని. అందరూ తెలుగువారైతే స్లైడ్లు ఇంగ్లీషులో పెట్టి వివరణ తెలుగులో ఇవ్వడం మా దగ్గర మామూలే. ఇతర రాష్ట్రాలవారు ఉంటే చిన్న చిన్న వాక్యాలతో ఇంగ్లీషులోనే చెప్పండి. వ్యాకరణం దగ్గర ఎవరూ ఆపరు. నిజంగా నాలుక తడబడేది అంకెల దగ్గర. దశాంశాలున్న అంకెలు, శాతాలు, బ్యాచ్ నంబర్లు ఇంగ్లీషులో పైకి చదవడం విడిగా సాధన చేయండి. పలకడానికి కష్టమైన నాలుగైదు సాంకేతిక పదాలను తెలుగు అక్షరాల్లో విడగొట్టి రాసుకుని, తిరిగేదాకా పలకండి.

ఆ రోజు హాలుకు అరగంట ముందే చేరుకోండి. ల్యాప్‌టాప్ తగిలించి, స్లైడ్లు తెర మీద కనిపిస్తున్నాయో లేదో చూసి, చివరి వరుస కుర్చీలో కూర్చుని మీ పట్టికలోని అంకెలు చదవగలుగుతున్నారో చూడండి. ఫైలు పెన్‌డ్రైవులో కూడా ఉంచుకోండి. తర్వాత మీరు నిలబడబోయే చోట నిలబడి ఆ నాలుగు వాక్యాలూ ఖాళీ హాలుకు ఒకసారి వినిపించండి. లేజర్ పాయింటర్ వాడకండి. చేతిలో ఉన్న చిన్న వణుకు తెర మీద జానెడు అవుతుంది, ఆ ఎర్రచుక్క ఎగరడం చూసి మీరే బెదిరిపోతారు. “ఎడమవైపు మూడో గడి చూడండి” అంటే సరిపోతుంది. పలుచటి కాగితం పట్టుకున్నా అంతే, గలగలలాడుతుంది. అట్టముక్క లాంటి గట్టి కార్డు మీద రాసుకుని బల్ల మీద పెట్టుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు, రెండు ఇడ్లీలు తినండి. కాఫీ రోజూ ఎంత తాగుతారో అంతే తాగండి. అదనంగా తాగిన కప్పు గుండె దడకు తోడవుతుంది, పైగా అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

మీ వణుకు అందరికీ కనిపిస్తుందని మీరు రాశారు. లోపల మనకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. 2003లో కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రసంగం చేయబోయేవారి మీద ఈ విషయాన్నే పరిశీలించారు. తమ కంగారు వినేవారికి తాము అనుకున్నంతగా కనిపించదని ముందే తెలుసుకున్నవారు మిగతావారికంటే బాగా మాట్లాడారు. వినేవారు కూడా అదే తీర్పు ఇచ్చారు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు “నేను ప్రశాంతంగా ఉన్నాను” అనుకున్నవారికంటే “నేను ఉత్సాహంగా ఉన్నాను” అనుకున్నవారి మాటలే ఎక్కువ నమ్మించేలా ఉన్నాయని తేలింది. నాకు ఇది సబబుగానే తోస్తుంది. కొట్టుకుంటున్న గుండెను ప్రశాంతంగా ఉండమనడం కష్టం, ఆ వేగాన్ని ఉత్సాహం కింద జమ కట్టుకోవడం తేలిక.

ఎవరో ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోమన్నారని రాశారు. మందుల తయారీలో ఉన్నదానిగా గట్టిగా చెబుతున్నాను, స్నేహితుల మాట మీద అది వేసుకోవద్దు. గుండె వేగాన్ని తగ్గించే మందు అది. ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం, రక్తపోటు తక్కువగా ఉన్నవారికి కళ్లు తిరుగుతాయి. అవసరమో కాదో వైద్యుడే చెప్పాలి. నలుగురిలో మాట్లాడాలంటే చిన్ననాటి నుంచీ ఇదే బాధ ఉండి, దాని వల్ల అవకాశాలు వదులుకుంటూ వచ్చినట్లయితే ఇక్కడి సలహాలతో ఆగకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా, భయంగా ఉందని పై అధికారికి చెప్పవచ్చా అని అడిగారు. తప్పకుండా చెప్పండి, అయితే హాలులో అందరి ముందు కాకుండా బుధవారమే, ఆయన గదిలో. “మొదటిసారి కదా సార్, కొంచెం కంగారుగా ఉంది, మీరు నాకు ఎదురుగా కనిపించేచోట కూర్చుంటారా?” అని అడగండి. ఆ కుర్చీలో ఆయన ఉంటే మీ తొలి నాలుగు వాక్యాలు ఆయనకే చెప్పండి, ఆ తర్వాత పక్కవారి వైపు చూడవచ్చు.