గ్రిల్ మార్చాలంటే బంపర్ దించాల్సిందేనా?

ప్రశ్న: పాత హ్యాచ్‌బ్యాక్‌కు నల్ల మెష్ గ్రిల్ తెప్పించాను. బంపర్ ఊడదీయకుండా ఇంట్లోనే బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బానెట్ ఎత్తి చూడండి. గ్రిల్ స్క్రూలు పైనే కనిపిస్తూ, వెనక లాకులకు చెయ్యి అందితే బంపర్ జోలికి పోనక్కర్లేదు. కానీ చాలా కార్లలో గ్రిల్‌ను బంపర్‌కు వెనక వైపు నుంచే బిగిస్తారు. దాన్ని ముందు నుంచి గుంజితే చేతికొచ్చేది విరిగిన చెవులే (గ్రిల్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కేలు).

బంపర్ దించాలంటే ఇద్దరుండాలి. 10 నంబర్ సాకెట్, స్టార్ స్క్రూడ్రైవర్, మాస్కింగ్ టేప్, నేల మీద పరవడానికి పాత దుప్పటి, అయిదారు స్పేర్ క్లిప్పులు దగ్గర పెట్టుకోండి. పాత క్లిప్పులు రెండు మూడైనా విరుగుతాయి. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి మొదలుపెట్టండి.

పైన వరుసగా ఉన్న క్లిప్పుల్లో ముందు నడుమ పిన్ను లేపాలి, ఆ తర్వాతే క్లిప్పు మొత్తం పైకొస్తుంది. అడుగున ఉన్నవీ తీశాక స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ తొడుగు (లైనర్) స్క్రూలు అందుతాయి. లైనర్ కాస్త వంచి చూస్తే ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు), బంపర్ కలిసే మూలలో మరో స్క్రూ దాక్కుని ఉంటుంది. ఎక్కువమంది మరిచిపోయేది దీన్నే. ఫెండర్ అంచుకు మాస్కింగ్ టేప్ వేసి, బంపర్‌ను చక్రం దగ్గర నుంచి పక్కకి లాగండి. నేరుగా ముందుకి లాగొద్దు. జానెడు బయటికి రాగానే ఆగి ఫాగ్ ల్యాంప్ కప్లర్లు ఊడదీయండి, లేదంటే వైర్లు తెగుతాయి.

పాత గ్రిల్ పక్కన కొత్తది బోర్లా పెట్టి చెవులు, రంధ్రాలు ఒకదానికొకటి సరిపోల్చండి. రంధ్రం రెండు మిల్లీమీటర్లు తేడాగా ఉంటే కొత్త గ్రిల్ రంధ్రాన్నే గుండ్రటి ఆకురాయితో వెడల్పు చేయండి, బంపర్‌కు మాత్రం డ్రిల్ వేయొద్దు. స్క్రూలన్నీ ముందు వదులుగా ఎక్కించి, సందు రెండు వైపులా సమానంగా వచ్చాక చేత్తోనే బిగించండి. ప్లాస్టిక్ మరలు ఒక్కసారి అరిగితే ఇక పట్టవు. లాకులు తెల్లవారుజామున బిగుసుకుపోయి పుటుక్కున విరుగుతాయి. బండిని గంటసేపు ఎండలో ఉంచి మొదలెడితే మేలు. మన దగ్గర ఎండకేం కొదవ!

ప్రశ్న: కొత్త గ్రిల్ వేగం పెరిగితే కటకటలాడుతోంది. డబుల్ టేప్ వేస్తే ఆగుతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఏదో ఒక చెవి లాకులో కూర్చోలేదు. గ్రిల్‌ను నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూడండి, కదిలే చోటే శబ్దం. లాకు సరిచేసి, ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ తగిలే చోట ఫెల్ట్ టేప్ అతికించండి. డబుల్ టేప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మే నెల ఎండకు జిగురు మెత్తబడి గ్రిల్ హైవే మీద ఊడిపడుతుంది. వెనక నుంచి రెండు నల్ల జిప్ టైలు వేయండి.

ప్రశ్న: మా కారులో అడాస్ (రాడార్, కెమెరాలతో ముందు వాహనాలను గమనించి డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) ఉంది. లోగో మార్చి మెటల్ మెష్ వేయొచ్చా? ముందు ఇనుప గార్డు కూడా పెడదామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కొన్ని కార్లలో రాడార్ లోగో వెనకే ఉంటుంది. దానికి లోహం అడ్డొస్తే ముందు వాహనాన్ని సరిగా పసిగట్టదు. మీ మాన్యువల్‌లో రాడార్ ఎక్కడుందో చూసి, ఆ భాగం ముందు ఏమీ మార్చకండి. గార్డు మాట మానుకోండి. గుద్దుకున్నప్పుడు బంపర్ నలిగి దెబ్బను మింగాలి, ఆ తాకిడి ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు తెలియాలి. గార్డు రెండింటినీ చెడగొడుతుంది. ఇలాంటివి పెట్టినవాళ్లపై చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది.