ఏటా అవే రోజుల్లో వచ్చే జలుబు, నిజంగా జలుబేనా?

మూడు వారాలుగా ఆగని తుమ్ములు, ముక్కు కారడం, జ్వరం మాత్రం లేదు, పోయిన ఏడాది కూడా ఇవే రోజుల్లో ఇలాగే అయింది, ఇది జలుబా అలర్జీనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఇదే ప్రశ్నతో నాలుగేళ్ళు తిరిగిన మనిషిని.

ముందు ఒకటి చెప్పండి, దురద ఉందా? మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు. "జలుబండీ, తగ్గట్లేదు" అనేవాణ్ణి, మందులు రాసిచ్చేవారు. రెండుసార్లు యాంటీబయాటిక్ కూడా వాడాను. జలుబుకు కారణం వైరస్, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అలర్జీ అయితే అసలు అక్కడ క్రిమే లేదు. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

చివరికి ఒక డాక్టరుగారు మందుల సంగతి పక్కనపెట్టి, "నాలుకతో అంగిలి గోక్కుంటారా?" అని అడిగారు. ఆశ్చర్యపోయాను. ఆ రోజుల్లో నేను నోట్లో టక్ టక్‌మని చప్పుడు చేస్తుంటే ఇంట్లో అందరూ విసుక్కునేవాళ్ళు. అది దురద అని నాకే తట్టలేదు. కళ్ళు, ముక్కు లోపల, అంగిలి, ఒక్కోసారి చెవుల లోపల కూడా దురద పెడుతుంది. పుప్పొడినో దుమ్మునో మన ఒళ్ళు శత్రువనుకుని హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది, ఈ దురదా వరస తుమ్ములూ దాని పనే. జలుబులో తుమ్ములు రావచ్చు గానీ కళ్ళు ఇంతగా దురద పెట్టడం అరుదు.

రెండోది రోజుల లెక్క. జలుబు చాలాసార్లు గొంతు గరగరతో మొదలై, రెండు మూడు రోజుల్లో ముదిరి, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. దగ్గు ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. అలర్జీకి అలాంటి గడువు లేదు, పడని వస్తువు గాలిలో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ అనే డాక్టర్, తనకు ఏటా జూన్ ప్రాంతంలో వచ్చే ఇలాంటి బాధ గురించే రాశాడు. ఆయనకూ క్యాలెండరే ఆధారం. నేను కూడా క్యాలెండర్ మీద తుమ్ములు మొదలైన రోజు, ఆగిన రోజు గుర్తు పెట్టాను. రెండేళ్ళ గుర్తులు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్దగా తేడా లేదు. అదే మీకు ఏడాది పొడుగునా, ముఖ్యంగా పొద్దున లేవగానే వస్తుంటే పుప్పొడి కన్నా ముందు పరుపును, దిండును అనుమానించండి, వాటిలో ఉండే కంటికి కనపడని దుమ్ము పురుగుల వల్ల కావచ్చు.

చీమిడి రంగు చూసి తేల్చకండి. అలర్జీలో నీళ్ళలా కారడం మామూలే, కానీ జలుబు కూడా మొదట అలాగే ఉంటుంది. తర్వాత పచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ కావాలనీ కాదు.

ఇక నేను చేసిన రెండో తప్పు. అలర్జీ అని తేలాక, ముక్కులో ఏం జరిగినా అలర్జీయే అనుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి ఒళ్ళు నొప్పులు, కాస్త వెచ్చదనం ఉన్నా అలర్జీ మాత్ర వేసుకుని రెండు రోజులు అందరి మధ్యా తిరిగాను. టెస్ట్ చేయిస్తే కోవిడ్. అప్పటికే ఇంట్లో ఇద్దరికి అంటించాను. జ్వరం, ఒళ్ళు నొప్పులు ఉంటే ఒక్క అలర్జీ మీదే తోసేయకండి. ఫ్లూ అయితే ఉన్నట్టుండి మీద పడుతుంది, ఏ పూట మొదలైందో కూడా చెప్పగలం. కోవిడ్‌ను మాత్రం లక్షణాలు చూసి పోల్చడం నావల్ల కాదు, టెస్టే. అలర్జీ ఉన్నవాళ్ళకు జలుబు రాకూడదని కూడా లేదు, రెండూ కలిసి వస్తే నాకూ తికమకే.

ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కల విషయంలో జాగ్రత్త. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది కదా అని నేను రెండు వారాలు వాడాను. చుక్కలు ఆపితే దిబ్బడ ఇంకా ఎక్కువైంది. మూడు నాలుగు రోజులు దాటి వాడకూడదట. అలర్జీకి డాక్టర్లు రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరే, అది రోజూ వాడాలి, గుణం పూర్తిగా కనపడడానికి వారం రెండు వారాలు పట్టొచ్చు. నాకు మొదటి మూడు రోజులూ ఏమీ తెలియక ఆపేద్దామనుకున్నాను.

ఛాతీ పట్టేసినట్టున్నా, పిల్లికూతలు, ఆయాసం ఉన్నా మాత్రం ఇవన్నీ లెక్కేసుకుంటూ కూర్చోకండి, వెంటనే వెళ్ళండి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదిరి, జ్వరం, ముఖం నొప్పి వచ్చినా అంతే, అది సైనస్ ఇన్ఫెక్షన్ కావచ్చు.

మూడు వారాలు దాటింది, జ్వరం లేదు, పోయిన ఏడాదీ ఇదే సమయం అంటున్నారు కాబట్టి, దురద కూడా ఉంటే నా అనుమానం అలర్జీ మీదే. దేనికి పడట్లేదో తెలియాలంటే చర్మం మీద చేసే టెస్ట్ ఉంది. దానికి కొన్ని రోజుల ముందు నుంచే అలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్ని రోజులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. నేను ముందు రాత్రి మాత్ర వేసుకుని వెళ్ళి, టెస్ట్ చేయించుకోకుండానే తిరిగొచ్చాను.