చిన్నప్పటి అభిమాన రచయిత సాహస నవల ఇప్పటి పిల్లలకు ఇవ్వొచ్చా? ఇవ్వండి, కానీ మొత్తం పుస్తకం ఇవ్వండి

మీ అబ్బాయికి పన్నెండేళ్ళని, మీరు చిన్నప్పుడు ఇష్టపడ్డ స్టీవెన్సన్ నవల 'కిడ్నాప్డ్' కొనిద్దామనుకుంటున్నారని రాశారు. ఇప్పటి పిల్లలకు నచ్చుతుందా, కుదించిన పుస్తకమైతే మేలా అని అడిగారు.

కుదించినది మాత్రం వద్దండి. మిగతావన్నీ మీ ఇష్టం, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. ఎందుకో చెప్పాలంటే 1988 వేసవి నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది నాకూ పన్నెండే. విశాఖలో చినవాల్తేరులో ఉండేవాళ్ళం. నండూరి రామమోహనరావు గారి 'కాంచనద్వీపం' అప్పటికే అట్ట ఊడిపోయేదాకా చదివేశాను. దాన్ని ఇంగ్లీషులో రాసింది స్టీవెన్సన్ అని, ఆయనవి ఇంకా ఉన్నాయని మా నాన్న ఒకసారి నోరుజారారు. అంతే, ఇంక ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. పోర్టులో డ్యూటీ దిగి వస్తూ ఒక సాయంత్రం జగదాంబ దగ్గర పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల్లోంచి 'కిడ్నాప్డ్' తెచ్చారు. నాది తెలుగు మీడియం, ఆ ఇంగ్లీషు నాకు కొరుకుడు పడలేదు. అందుకని రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాప వేసుకుని, నాన్న కళ్ళతో ఇంగ్లీషు చదువుకుంటూ నోటితో తెలుగులో చెప్పేవారు. రాత్రికో అధ్యాయం. మొత్తం ముప్ఫై. ఆయన కూడా ముందు చదివి ఉంచుకునేవారు కాదు, నాతోపాటే చదివేవారు. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు వచ్చిపోతుండేది.

కథ మీకు గుర్తుండే ఉంటుంది. డేవిడ్ బాల్ఫోర్ స్కాట్లాండ్‌లో ఒక పల్లెటూరి బడిపంతులు కొడుకు. తండ్రి పోయాక, ఎప్పుడూ చూడని బాబాయి ఇంటికి బయల్దేరతాడు. ఆ బాబాయి ఆస్తి కోసం ఏం చేస్తాడంటే, చీకట్లో దీపం లేకుండా మేడ మీదకి పంపిస్తాడు. ఆ మెట్లు సగంలో ఆగిపోయి ఉంటాయి. మెరుపు మెరిసింది కాబట్టి బతికాడు, లేకపోతే అక్కడితో సరి. ఆ ఉపాయం పారక, ఓడ కెప్టెన్‌కి డబ్బిచ్చి, అమెరికాలో అమ్మేయమని ఎత్తుకుపోయేలా చేస్తాడు. ఓడలో ఆలన్ బ్రెక్ అనే తిరుగుబాటుదారుతో స్నేహం, కత్తియుద్ధం, తరవాత ఓడ రాళ్ళకు కొట్టుకుని పగిలిపోవడం. అందరూ ఈ యుద్ధం గురించే చెబుతారు. నాకు మాత్రం పుస్తకం ప్రాణం పద్నాలుగో అధ్యాయంలో ఉంది. అందులో కత్తీ లేదు, తుపాకీ లేదు.

ఓడ మునిగాక డేవిడ్ ఒక దుంగ పట్టుకుని ఎరెయిడ్ అనే చిన్న దీవికి చేరతాడు. అవతల పెద్ద దీవి ఉంది, మధ్యలో సన్నటి సముద్రపు పాయ. వీడికి ఈత సరిగ్గా రాదు. దిగి చూస్తే లోతు. ఒకటే వాన. తినడానికి రాళ్ళకు అతుక్కున్న గుల్లలు తప్ప ఏమీ లేవు. వాటినే పచ్చివి తింటాడు. ఒకసారి ఒంటికి పడతాయి, ఒకసారి కక్కుకుంటాడు. జేబుకి చిల్లు పడి డబ్బు చాలావరకు జారిపోయింది. దూరంగా అయోనా దీవిలో పాత చర్చి కప్పు, ఇళ్ళ మీద పొగ కనిపిస్తూనే ఉంటాయి. మనుషులు కనిపించేంత దూరంలో ఉన్నారు, వీడు మాత్రం ఆకలితో చస్తున్నాడు. అక్కడికి వచ్చేసరికి కరెంటు పోయింది. నాన్న పుస్తకం మూసేశారు. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆదివారం. చేపలకి నాన్నతో పెదజాలారిపేట ఒడ్డుకి వెళ్ళాను. మాకు ఎప్పుడూ నెత్తళ్ళు ఇచ్చే ఇంటి పెద్దాయన తెప్ప నీడలో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. నాన్న బేరమాడుతుంటే నేను వెళ్ళి ఆయన పక్కన ఇసకలో కూలబడి కథ మొత్తం చెప్పాను. కడుపులో దిగులు ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా.

తాత వల మీంచి తలెత్తకుండా విన్నాడు. దీవి దగ్గరికి వచ్చేసరికి చేతిలో దారం ఆపాడు.

"ఎన్ని రోజులన్నావమ్మా?"

"ఇప్పటికి మూడు రోజులు తాతా. తిండి లేదు."

"మరి నీళ్ళు తీసినప్పుడు ఏటి సేసినాడు?"

నాకు అర్థం కాలేదు. నీళ్ళు తీయడమేమిటి? తాత వలని ఒళ్ళోంచి పక్కకి దించి, తడి ఇసక మీద వేలితో రెండు గుండ్రాలు గీసి, మధ్యలో చిన్న గీత గీశాడు. "ఇది సిన్న దీవి, ఇది పెద్దది. మజ్జిన పాయ. పోటుకి నిండుతాది, నీళ్ళు తీస్తే దారిస్తాది. రోజుకి రెండు మాట్లు." అంటూ ఆ గీతని అరచేత్తో చెరిపేశాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ రోజు తిథి ఏటి?" అన్నాడు.

చేపల సంచితో వచ్చిన నాన్న నవ్వి, ఇంగ్లీషు పుస్తకంలో తిథి ఎందుకుంటుందన్నారు. తాత నవ్వలేదు. "అట్టమి రోజులయితే నీళ్ళు సరిగ్గా తీయవు బాబూ. అందుకడిగాను. ఆ గుంటడు ఒడ్డునోడు కాడు. ఒడ్డునోడయితే పొద్దుటే నడిసెల్లిపోను" అన్నాడు.

ఆ రాత్రి మిగతా సగం చదివారు. ఒక పడవలో చేపలవాళ్ళు వెళుతూ డేవిడ్‌ని చూసి నవ్వుకుంటూ పోతారు. వాడు ఏడుస్తాడు, తిడతాడు. మర్నాడు వాళ్ళే మళ్ళీ వచ్చి వాళ్ళ భాషలో ఏదో అరుస్తారు. ఒక్క ముక్క అర్థం కాదు. అందులోంచి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చెవిన పడుతుంది, 'టైడ్' అని. అంతే, వెనక్కి తిరిగి పాయ దగ్గరికి ఒకటే పరుగు. చూస్తే మోకాళ్ళు కూడా తడవనంత నీళ్ళు! నాలుగు రోజుల నుంచీ రోజుకి రెండుసార్లు తెరుచుకుంటున్న దారి అది.

నాన్న ఒక్క క్షణం ఆగి, ఆ కింద వాక్యం రెండుసార్లు చదివారు. సముద్రం ఒడ్డున పెరిగిన కుర్రాడైతే అక్కడ ఒక్క రోజు కూడా ఉండేవాడు కాదని స్టీవెన్సన్ అక్కడే రాశాడు. ఎప్పుడైనా దాటొచ్చు, ఒక్క 'నీప్' రోజుల్లో తప్ప అని కూడా రాశాడు. నీప్ అంటే ఏమిటో నాన్నకీ తెలియదు. కిందికి దిగి డిక్షనరీ తెచ్చారు. చంద్రుడు సగం ఉండే రోజుల్లో వచ్చే చిన్న పోటు అని ఉంది. అంటే అష్టమి! ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయంటే నమ్మండి. ఆ పుస్తకం పేరు కూడా వినని మనిషి, అది చదవకముందే తిథితో సహా చెప్పేశాడు.

తరవాత స్కూల్లో సైన్సు పాఠం వచ్చింది. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో ఉండి లాగుతారు, అష్టమికి అడ్డదిడ్డంగా లాగుతారు, అందుకే పోటు తగ్గుతుంది అని. క్లాసులో నాకొక్కదానికే అది ముందే తెలుసు. మా విశాఖలో పున్నమికి కూడా నీటి తేడా మీటరున్నర అటూఇటూ. ఆ స్కాట్లాండ్ పడమటి తీరంలో దానికి రెట్టింపు పైమాటే. అందుకే అక్కడ దీవికి దారి తెరుచుకుంటుంది.

స్టీవెన్సన్ ఇది గాల్లోంచి రాయలేదు. వాళ్ళది లైట్‌హౌస్‌లు కట్టే ఇంజనీర్ల కుటుంబం. సముద్రం మధ్యలో డూ ఆర్టాక్ అనే రాతి మీద లైట్‌హౌస్ కట్టడానికి ఎరెయిడ్‌లోనే రాళ్ళు చెక్కేవారు. తండ్రి పని మీద 1870లో ఈయన కూడా ఆ దీవిలో ఉన్నాడు. నవల వచ్చింది 1886లో. పదహారేళ్ళు ఆ పాయ ఆయన మనసులో నిండుతూ తీస్తూ ఉందన్నమాట. ఎవరో చేపలాయన ఆయన్ని కూడా "నీళ్ళు తీసినప్పుడు నడిచి వెళ్ళొచ్చు కదా" అని అడిగి ఉంటాడు. ఈ మాటకి నా దగ్గర రుజువు లేదు, కానీ నాకు అనుమానం కూడా లేదు.

ఇప్పుడు కుదించిన పుస్తకం సంగతి. మొన్న మా తమ్ముడి కొడుక్కి స్కూల్లో బహుమతిగా 'కిడ్నాప్డ్' ఇచ్చారు. నేనెంత సంబరపడ్డానో! తెరిచి చూస్తే ఎనభై పేజీలు, ప్రతి పేజీకీ బొమ్మ. ఎరెయిడ్ దీవి ఎక్కడని వెతికితే రెండు లైన్లు దొరికాయి. డేవిడ్ ఒక దీవికి కొట్టుకుపోయాడట, నాలుగు రోజుల తరవాత చేపలవాళ్ళు కాపాడారట. కాపాడలేదండీ! వాళ్ళు ఒక్క మాట చెప్పారు, వాడు తన కాళ్ళతో తాను నడిచి బయటపడ్డాడు. పుస్తకంలో ఉన్నదాన్ని తీసేశారు సరే, లేనిదాన్ని పెట్టడం ఏమిటి? చివర్లో మళ్ళీ 'ఈ కథలోని నీతి ఏమిటి' అని ప్రశ్న, రాయడానికి నాలుగు గీతలు. నీతి కోసమా ఆ పిల్లాడు పచ్చి గుల్లలు తిన్నది? దీనికి తోడు ఏ పుస్తకాల షాపుకి వెళ్ళినా పోటీ పరీక్షల గైడ్లే గోడలా పేర్చి ఉంటాయి. పిల్లల నవల అడిగితే మూల షెల్ఫ్ చూపిస్తారు. అక్కడ ఉండేవి కూడా ఈ కుదించినవే.

మొత్తం పుస్తకంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ముగింపు టక్కున తెగిపోతుంది. ఎడిన్‌బరో‌లో ఒక బ్యాంకు గుమ్మం ముందు డేవిడ్‌ని నిలబెట్టి కథ ఆపేస్తాడు. నాన్న పేజీ తిప్పితే ఇంక పేజీ లేదు. నేను ఏడ్చినంత పని చేశాను. తరువాయి భాగం పుస్తకంగా 1893లో గానీ రాలేదు. ఆడవాళ్ళు దాదాపు లేరు. ఉన్నవాళ్ళలో గట్టి మనిషి, అర్ధరాత్రి తానే తెడ్డు వేసి ఆలన్‌నీ డేవిడ్‌నీ సముద్రపు పాయ దాటించిన సత్రంలో అమ్మాయి. ఆమెకు ఇందులో పేరు కూడా పెట్టలేదు. నాకది పన్నెండేళ్ళప్పుడే కష్టంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. మధ్యలో స్కాట్లాండ్ రాజకీయాలు కాస్త బరువు. నవలలో వచ్చే, రెడ్ ఫాక్స్ అని పిలిచే కోలిన్ కాంప్‌బెల్ హత్య నిజంగా 1752లో జరిగింది. నవలలో అది 1751లో జరిగినట్టు పెట్టానని స్టీవెన్సనే పుస్తకం మొదట్లో అంకితంలో ఒప్పుకున్నాడు. పిల్లలకు ఈ చరిత్ర రెండు ముక్కల్లో మీరే చెప్పేయండి, సరిపోతుంది.

ఆలన్, డేవిడ్ పోట్లాడుకునే చోటు మాత్రం తొందరగా దాటించకండి. ఆలన్ పేకాటలో డేవిడ్ డబ్బంతా పోగొడతాడు. తరవాత ఇద్దరూ రోజుల తరబడి మాటల్లేకుండా పక్కపక్కనే నడుస్తారు. స్నేహితుడి మీద కోపం వస్తే లోపల ఎలా ఉంటుందో నాకు మొదట చెప్పింది ఆ పేజీలే.

ఇంగ్లీషు కష్టమైతే మా నాన్న చేసినట్టే చేయండి. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చి చెప్పండి, రాత్రికో అధ్యాయం. పద్నాలుగో అధ్యాయం మాత్రం సగంలో ఆపండి. కరెంటు పోకపోయినా ఆపండి. మర్నాడు పిల్లాణ్ణి అడగండి, నువ్వైతే ఏం చేసేవాడివని.

మా మేనల్లుడు ఈ సెలవులకి మా దగ్గరే, ఎంవీపీ కాలనీలో ఉన్నాడు. ఎనభై పేజీల పుస్తకం దాచేసి అసలుది తీశాను. పద్నాలుగో అధ్యాయం సగంలో ఆపితే, "పడవ చేసుకోవచ్చు కదా అత్తా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మంగమారిపేట తీసుకెళ్ళాను. నీళ్ళు తీసి రాళ్ళు బయటపడ్డాయి. గుంటల్లో చిన్న పీతలు, రాళ్ళకు అతుక్కున్న గుల్లలు. ఒక గుల్లని గోటితో లాగి చూశాడు, ఊడిరాలేదు. "ఇవేనా డేవిడ్ తిన్నది?" అన్నాడు. ఇలాంటివేనన్నాను. చాలాసేపు ఆ రాళ్ళ మీదే కూర్చున్నాడు. లేవబోయేసరికి మేం వచ్చిన దారిలో నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. వాడు నీళ్ళకేసి, నా మొహంకేసి మార్చి మార్చి చూశాడు. నేనేమీ మాట్లాడలేదు. ఒడ్డెక్కాక "అయితే వాడు ఊరికే నడిచి వెళ్ళిపోవచ్చా!" అని అరిచాడు.

ఇప్పుడు ఇరవయ్యో అధ్యాయంలో ఉన్నాం. నిన్న రాత్రి ఆపేసరికి ఆలన్, డేవిడ్ నీటిచుక్క లేకుండా ఒక పెద్ద బండ మీద ఎండలో మాడిపోతున్నారు, కింద చుట్టూ సిపాయిలు. వాడు పొద్దుట్నుంచి మూడుసార్లు అడిగాడు. ఈ రాత్రి వాళ్ళని కిందికి దించాలి.