రాత్రిపూట ట్యూబ్ ఆంప్ నీరసపడుతోందా?

రాయగడ నుంచి ఒకరి ప్రశ్న ఇది: పాత ట్రాన్సిస్టర్ ఆంప్ ఎప్పుడూ బాగానే పాడేది, ఈ ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్) మాత్రం రాత్రిపూట నీరసపడుతోంది, ఎందుకు? పొద్దున బాగా పాడి, రాత్రి ఎనిమిదికి డీలాపడుతోందంటే ముందు అనుమానించాల్సింది ట్యూబుల్ని కాదు, లో వోల్టేజీని. మీ ఆంప్‌లోని ఈఎల్84 ట్యూబు సరిగ్గా వేడెక్కితేనే పనిచేస్తుంది; దాన్ని వేడిచేసే తీగకు, అంటే ఫిలమెంటుకు, 6.3 వోల్టులు కావాలి. రాయగడలో మీ ఇంటి 230 కాస్తా 190కి పడితే దానికి అందేది 5.2. మీ పాత ట్రాన్సిస్టర్ ఆంప్‌కు ఫిలమెంటే లేదు, అందుకే దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

1. ఆంప్ ఆన్‌లో ఉండగా, రాత్రే, పక్క సాకెట్‌లో మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడండి. అందరూ పగలు కొలిచి బోల్తాపడేది ఇక్కడే. ఆంప్ లోపల మాత్రం వేలు పెట్టొద్దు, 300 వోల్టులుంటాయి.

2. 207 కంటే తక్కువుంటే 500 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యమున్న సర్వో స్టెబిలైజర్, అంటే మోటారుతో వోల్టేజీని మెల్లగా సర్దేది, పెట్టండి. స్విచ్‌లా టక్కున మారే రిలేది వద్దు, టిక్కుమన్నప్పుడల్లా వోల్టేజీ ఎగిరిపడుతుంది.

3. అప్పటికీ బేస్ (లోతైన శబ్దం) బిగువు లేక వదులుగా ఉంటే, 4 ఓముల స్పీకర్ వైరు ఆంప్ వెనక 8 ఓముల స్పీకర్‌కు ఉద్దేశించిన కనెక్షన్‌లో (8 ట్యాప్‌లో) ఉందేమో చూడండి.